రెండు కాలేజీలకు ఒకే అస్థిపంజరం

మహేశ్వర్ గారు విద్యారంగంలోకి రాకముందు ఆదోనిలో పత్తి విత్తనాలు అమ్మేవాడు. విత్తనం మొలవకపోతే రైతులు అంగడి ముందుకొచ్చి బైఠాయించేవాళ్లు. చదువు మొలవకపోతే మాత్రం ఎవరూ వచ్చి బైఠాయించరు, తమ పిల్లలదే మొద్దుబుర్ర అనుకుని ఇంటికి పోతారు. ఈ సత్యం తెలిసిన రోజే ఆయన విద్యాదాత అయిపోయాడు. ఆదోనిలో ఒక పారామెడికల్ కాలేజీ పెట్టాడు. అది నిలదొక్కుకోగానే ఎమ్మిగనూరులో రెండోది తెరిచాడు. రెండింటికీ రెండు బోర్డులు, రెండు గేట్లు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు. అస్థిపంజరం మాత్రం ఒక్కటే.

ఆ ఒక్కటి కూడా కొన్నది కాదు. ఎప్పుడో పోయిన ఒక పాత డాక్టరు గారి ఇల్లు ఖాళీ చేస్తూ, చెక్కపెట్టెలో ఉన్న ఎముకలను ఏం చేయాలో తెలియక వాళ్ల వాళ్లు తల పట్టుకుంటే, మహేశ్వర్ గారు విద్యాభివృద్ధి కోసం స్వీకరించాడు. ఆ పెట్టె రెండు కాలేజీల స్టాకు రిజిస్టర్లలోనూ ఎక్కింది: "అస్థిపంజరం ఒకటి. అసలు ఎముకలు. పురుషుడు." ఏ ఊళ్లో తనిఖీ ఉంటే ఆ రోజుకు ఆ ఊళ్లో ఉంటుంది గనుక రెండు చోట్లా రాసింది నిజమే. రెండూ ఒకే రోజు నిజం కావు, అంతే.

ఆ పెట్టెకు ఉన్న ఒకే ఒక దిక్కు సుంకులమ్మ. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా "స్వీపర్" అని ఉండేది.

సుంకులమ్మది పెద్దకడుబూరు. పెళ్లై ఆదోనికి వచ్చి పద్నాలుగేళ్లు జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరింది. తెల్లటిది ఒక పక్క, పసుపు తిరిగింది ఒక పక్క, ఆకూ పెంకూ ఇంకో పక్క. ముప్పై నాలుగో ఏట బేళ్ల మీద నుంచి జారిపడి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. నాటువైద్యుడు కోడిగుడ్డు సొన పూసి, వెదురు దబ్బలు కట్టి, "నలభై దినాలకు ఇనుమైతాది పోమ్మా" అన్నాడు. ఇనుమే అయింది. ఇనుపకమ్మి ఎంత తిరుగుతుందో అంతే తిరిగింది. అరచెయ్యి నేలను చూస్తుంది తప్ప ఆకాశం వైపు తిరగదు. మిల్లు మేనేజరు జాలిగుండె మనిషి. ఆ చేయి చూసి చాలాసేపు బాధపడి, రేపటి నుంచి రావద్దన్నాడు. గుళ్లో తీర్థానికి ఎడమచేయి చాపితే పూజారి కసిరేవాడు, కుడిచేయి తిరిగేది కాదు. చేయి చాచి అడుక్కోవడానికి కూడా అక్కరకు రాని చేయి అయిపోయింది. ఇక మిగిలింది చీపురు. చీపురు పట్టడానికి అరచెయ్యి నేల వైపే ఉండాలి కాబట్టి మహేశ్వర్ గారి కాలేజీ ఆమెకు సరిగ్గా సరిపోయింది.

ఎముకల పెట్టె వచ్చిన రోజు దాన్ని తెరవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అనాటమీ చెప్పే మహేంద్ర సార్ ఎమ్మెస్సీ జువాలజీ. కప్పను కోయాలన్నా ముందు దానికి దండం పెట్టుకునేంత సున్నితమైన మనిషి. "సుంకులమ్మా, అవి తీసి తుడువు, బూజు పట్టింటాది" అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె తుడిచింది. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే పొరపాటైంది. ఆమె మొగుడు నాగన్న మార్కెట్ యార్డులో హమాలీ. "శవం ముట్టిన సేత్తో అన్నం వండుతావా? నాకొద్దు" అని తానే పొయ్యి ముట్టించాడు. వారం రోజులు ఆయన వంట ఆయనే తిన్నాడు. ఎనిమిదో రోజు, ఎముకల్లో ఏ దోషమూ ఉండదని తనకు ఎవరో పెద్దాయన చెప్పినట్టు ప్రకటించి, పీట వేసుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

దసరా దగ్గర పడుతుండగా మహేశ్వర్ గారికి ఒక ముచ్చట పుట్టింది. ఆయుధపూజకు అస్థిపంజరం నిలబడి ఉండాలి. ఫొటో తీసి అడ్మిషన్ల కరపత్రంలో వేయాలి. పెట్టెలోని ఎముకలకు కట్టిన తీగలన్నీ తుప్పుపట్టి తెగిపోయి ఉన్నాయి. అన్నీ విడివిడిగా, గంపలో పోసిన కట్టెల్లా ఉన్నాయి.

"ఎముకలు బిగించేది సిలబస్‌లో లేదు సార్. గుర్తుపట్టేదే ఉంది" అన్నాడు మహేంద్ర సార్.

"అయితే గుర్తుపట్టి చెప్పండి, బిగించేది సుంకులమ్మ చూసుకుంటాది."

మహేంద్ర సార్ గుర్తుపట్టే బాధ్యతను షాహీన్‌కు అప్పగించి టీ తాగడానికి వెళ్లాడు. షాహీన్ రెండో సంవత్సరం విద్యార్థిని, దర్జీ పీరా సాబ్ కూతురు. అనాటమీ ఒకసారి తప్పింది. తప్పిన వాళ్లకు పుస్తకం ఎక్కువ పరిచయం ఉంటుందని సార్ లెక్క.

ఇద్దరూ ఎముకలన్నీ తెచ్చి, కిందటేడు అడ్మిషన్ల ఫ్లెక్సీ పరిచి దాని మీద పోశారు. ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతున్న మహేశ్వర్ గారి ముఖం మీద దవడ ఎముక పడింది.

"యాడ మొదలుపెట్టల్ల బిడ్డా?" అంది సుంకులమ్మ.

"బుక్కులో ఐదు రకాలంట అక్కా. పొడుగువి, పొట్టివి, పలకలాగుండేవి, అడ్డదిడ్డంగా ఉండేవి, నువ్వుగింజలాంటివి."

ఏరడమంటే సుంకులమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. గంటలో ఐదు కుప్పలు వేసింది. షాహీన్ పుస్తకం పట్టుకుని ఒక్కో కుప్పా చూసి తల అడ్డంగా ఊపింది.

"పక్కటెముకలు పొడుగు వాటిల్లో ఏసినావక్కా. అవి పలక వాటిల్లోకి పోతాయి."

"ఇంత పొడుగుండాయి గదా!"

"పొడుగుంటే సాలదంట. నడుమ కాడ ఉండల్ల, రెండు పక్కలా తలకాయ ఉండల్ల. అట్లుంటేనే పొడుగెముక. సూడు, ఈ చిటికెనేలు ఎముక. ఇది గోరంతే ఉండాది, కానీ ఇది పొడుగెముకే."

సుంకులమ్మ ఆ గోరంత ఎముకను వేళ్ల మధ్య తిప్పి చూసింది. నిజమే, నడుమ సన్నగా, రెండు చివరలా లావుగా, తొడ ఎముకకు పుట్టిన పసికూనలా ఉంది. "అయితే ఇంతుండేదీ అంతుండేదీ ఒకే కులమా!" అని నవ్వి, దాన్ని తొడ ఎముక పక్కన పెట్టింది. పక్కటెముకలు తీసి, జబ్బ పలకా పుర్రె పెంకులూ ఉన్న కుప్పలో వేసింది. మణికట్టులోని గులకరాళ్లలాంటివి, మడమలోనివి పొట్టి కుప్పలో సరిగ్గానే ఉన్నాయి. వెన్నుపూసలు, తుంటి ఎముకలు ఏ ఆకారానికీ లొంగనివి గనుక వాటికి వేరే కుప్ప. చివరి కుప్పలో మోకాటి చిప్పలు రెండే మిగిలాయి.

"ఇంత చిప్పను నువ్వుగింజ అంటారా?"

"కండరాల తాళ్లలో పుట్టే ఎముకలకు అదే పేరంట అక్కా. అన్నీ నువ్వుగింజంతే ఉంటాయి. ఇదొక్కటే పెద్దది."

అన్నీ లెక్కపెడితే రెండు వందల ఆరు ఉండాలంది పుస్తకం. పుట్టిన బిడ్డకు మూడు వందల దాకా ఉంటాయని కూడా అదే పుస్తకం అంది. మిగిలినవి ఎక్కడికి పోయాయని సుంకులమ్మ అడిగింది. పెరిగే కొద్దీ ఒకదానికొకటి అతుక్కుపోతాయని షాహీన్ చెప్పి, నడుము అడుగున ఐదు పూసలు కలిసి ఒకటే అయిన త్రికోణపు ఎముకను చూపించింది.

"మా అత్తగారింట్లో ఐదుగురు అన్నదమ్ములు. ఒక్క వంటిల్లు ఐదు పొయ్యిలైంది" అంది సుంకులమ్మ. "ఈళ్లను సూసి నేర్సుకోల్ల."

ఆ పాత డాక్టరు గారు ఎందుకో ఈ లెక్కలో చేరని ఇంకో తొడ ఎముకను పొడుగునా రెండుగా కోయించి పెట్టుకున్నాడు. పెట్టెలో అది విడిగా, గుడ్డలో చుట్టి ఉంది. పైన దంతంలా గట్టి పొర. నడుమ వెదురు బొంగులా బోలు. రెండు చివరల్లో మాత్రం బొరుగులు అద్దినట్టు సన్నసన్నటి గూళ్లు. బతికినప్పుడు ఆ గూళ్లలోనే నెత్తురు పుడుతుందని షాహీన్ చదివితే సుంకులమ్మ నమ్మలేదు. నెత్తురు గుండెలో పుడుతుందని ఆమె యాభై ఏళ్లుగా నమ్మకంగా ఉంది. గుండె తోసేదేనంట, చేసేది ఎముకంట. "ఎట్లన్నా కష్టం ఒకరిది, పేరొకరిది" అని గుడ్డ చుట్టి పక్కన పెట్టింది.

చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. ముంజేతిలో రెండు ఎముకలున్నాయని అప్పటిదాకా తెలియదు. అల్నా కదలకుండా ఉంటుంది, రేడియస్ దాని మీదుగా అడ్డంగా దొర్లుతుంది, అప్పుడే అరచెయ్యి పైకీ కిందికీ తిరుగుతుంది అని షాహీన్ చదివింది. సుంకులమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాని మీదుగా రెండోదాన్ని దొర్లించింది. వెనక్కి దొర్లించింది. మళ్లీ దొర్లించింది. తన కుడి ముంజేతి మీద ఎడమచేత్తో తడిమి, వంకరగా అతికిన చోట వేలు పెట్టింది.

"దొర్లేదాన్ని దొర్లకుండా ఒంకరగా కట్టినాడు" అంది. పదిహేనేళ్లుగా తన తలరాత అనుకున్నదానికి ఒక పేరు, ఒక చోటు దొరికాయి. అంతసేపూ ఎగతాళిగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షాహీన్ పుస్తకం మూసి, నీళ్ల సీసా ఇచ్చింది.

మూడు రోజుల్లో రాగి తీగతో అస్థిపంజరం నిలబడింది. పుర్రె, చేతులు, కాళ్లు కొక్కేలతో ఊడి వచ్చేలా, మొండెం ఒకటిగా ఉండేలా కట్టింది. కడుతున్నప్పుడే ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. సుంకులమ్మ తల్లి పెద్దకడుబూరులో మంత్రసాని. బిడ్డ తల పడుతుందా లేదా అని కాన్పు ముందు ఎలా చూస్తారో సుంకులమ్మ చిన్నప్పటి నుంచి విన్నదే. తుంటి ఎముకలు రెండూ కలిపాక వాటి నడుమ బాటలో పిడికిలి పెట్టి చూసింది. సులువుగా దూరింది. కింద ఎముకలు కలిసే చోట కోణం విశాలంగా విచ్చుకుని ఉంది.

"సార్, ఈయప్ప ఈయప్ప కాదు. ఆడమనిషి" అని మహేంద్ర సార్‌తో చెప్పింది.

"రిజిస్టర్లో పురుషుడని ఉంది సుంకులమ్మా."

"రిజిస్టరుకు తుంటి లేదు గదా సార్."

మహేంద్ర సార్ ఆలోచించాడు. రిజిస్టరు మార్చాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాలి, ఆయన సంతకం పెట్టాలంటే కారణం అడుగుతాడు, కారణం చెప్పాలంటే తాను ఎముకల దగ్గరికి వెళ్లి చూడాలి. "మగాడే అనుకుందాంలే" అన్నాడు. అలా ఒక స్త్రీ ఆదోని, ఎమ్మిగనూరు రెండు పట్టణాల్లో అధికారికంగా పురుషుడై కొనసాగింది. దసరా రోజు మహేశ్వర్ గారు స్వయంగా బొటనవేలితో నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు, నిమ్మకాయ కోశాడు, ఫొటో దిగాడు. తర్వాత సుంకులమ్మ ఎంత తుడిచినా ఆ ఎరుపు పోలేదు. అసలు ఎముక పీల్చుకుంటుంది మరి.

కార్తీకం పోయాక తనిఖీ కబురు వచ్చింది. రెండు కాలేజీలకూ ఒకే రోజు. పొద్దున ఆదోని, మధ్యాహ్నం ఎమ్మిగనూరు.

మహేశ్వర్ గారు యుద్ధానికి పోయే రాజులా వ్యూహం వేశాడు. పదకొండింటికి ఆదోని ల్యాబు చూపించాలి. పన్నెండున్నరకు తనిఖీ వాళ్లను ఇంటికి తీసుకుపోయి భోజనం పెట్టాలి. జొన్నరొట్టె, గుత్తివంకాయ, బొబ్బట్లలాంటి ఓళిగలు, మళ్లీ రొట్టె, మళ్లీ ఓళిగలు, ఎవరూ లేవకుండా చూడాలి. ఆ లోపల అస్థిపంజరం ఎమ్మిగనూరు చేరిపోవాలి. వ్యాను మాత్రం దొరకదు, అందులో ఎమ్మిగనూరుకు కుర్చీలు, పూలకుండీలు, లైబ్రరీ పుస్తకాలు పోతున్నాయి. అవి కూడా రెండు కాలేజీలకూ ఒకటే జత అన్నమాట.

"బస్సులో తీసుకుపో. ఆడవాళ్లకు ఉచితమే కదా" అన్నాడు సుంకులమ్మతో.

ఆదోని తనిఖీ సాఫీగా జరిగింది. వచ్చిన ముగ్గురిలో భారతి మేడం అనే ఎముకల డాక్టరు ఒకామె ఉంది. ఆమె అస్థిపంజరాన్ని కాసేపు చూసి వెళ్లింది. వాళ్ల కారు గేటు దాటగానే సుంకులమ్మ కొక్కేలు ఊడదీసింది. పుర్రె వైరు బుట్టలోకి, చేతులూ కాళ్లూ గోనెసంచిలోకి పోయాయి. పక్కటెముకలూ వెన్నూ తుంటీ ఉన్న మొండెం దేనిలోనూ పట్టదు. దాన్ని దుప్పట్లో చుట్టి చంకన వేసుకుని ఒంటి గంట బస్సు ఎక్కింది.

కండక్టరు వచ్చి ఆమె ఆధార్ చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. తర్వాత ఒళ్లోని మూట వైపు చూశాడు.

"పసిబిడ్డా? మొగం మీద గుడ్డ కప్పినావు, గాలాడొద్దా?"

"దానికి గాలక్కర్లేదప్పా."

అనుమానంగా ఆయనే దుప్పటి అంచు ఎత్తాడు. పక్కటెముకలు రెండు వరసలుగా పలకరించాయి. కండక్టరు ఎత్తిన చెయ్యి దించడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇదేందమ్మా! మనిషా?"

"మనిషే. కాలేజీది. ఎమ్మిగనూరుకు డ్యూటీ మీద పోతాంది."

"సామాను టికెట్ కొట్టల్లనా, మనిషి టికెట్ కొట్టల్లనా?" అని ఆయన బస్సుకంతా వినపడేలా తనలో తానే చర్చించుకున్నాడు. వెనక సీట్లో ఎవడో, "ఆడమనిషైతే ఫ్రీ అన్నా, మగోడైతే టికెట్టు" అన్నాడు.

"ఆడమనిషే" అంది సుంకులమ్మ.

"అయితే ఆధార్ సూపీ."

"రిజిస్టర్లో మగోడని ఉండాది, ఆధార్ యాడిచ్చేది?" అంది ఆమె.

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో కూర్చున్న కౌతాళం ఊరి అవ్వ ఒకామె మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి దుప్పట్లోకి చూసి, "అయ్యో శివనే! యార మగళో ఏనో" అని కన్నడంలో అంటూ రెండు చేతులూ జోడించింది. ఎవరి కూతురో పాపం అని. కాసేపటికి తన పక్కనున్న సంచీ తీసి కింద పెట్టుకుని, "ఒళ్లో ఎంతసేపు మోస్తావు, ఈడ కూచోబెట్టు" అంది. సుంకులమ్మ ఆ మూటను అవ్వ పక్కన ఆనించింది. కాలేజీలో ఇంతమంది చదువుకున్న వాళ్లలో ఎవరికీ రాని మాట ఆ అవ్వకు వచ్చిందే అనుకుంది.

మార్కెట్ యార్డు ముందు పత్తి లారీలు రోడ్డంతా కట్టేశాయి. ముప్పావు గంట బస్సు కదల్లేదు. మహేశ్వర్ గారు ఫోను మీద ఫోను. "మేడం రొట్టె చాలంటోంది, యాడున్నావు?" చివరికి ఎమ్మిగనూరు కాలేజీలో ఆమె అడుగు పెట్టేసరికి చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. స్టాండు బిగించి, మొండెం వేలాడదీసి, కాళ్లు తగిలించి, చేతులు తగిలించి, పుర్రె పెట్టేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

భారతి మేడం తిన్నగా అస్థిపంజరం దగ్గరికే వచ్చింది. మిగిలిన ఇద్దరూ ఓళిగల బరువుకు కుర్చీల్లో కూలబడ్డారు. పుర్రె నుదుటి మీద ఎరుపును చూసింది, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది.

"ఇది మగదా, ఆడదా?" అని మహేంద్ర సార్‌ను అడిగింది. ఆయన కుర్చీలతో పాటు వ్యానులో వచ్చాడు.

"మగ, మేడం. రిజిస్టర్లో ఉంది."

"మహేశ్వర్ గారూ, పొద్దున ఆదోనిలో చూసినదానికి కూడా నుదుటి మీద ఇదే చోట కుంకుమ ఉంది?"

"రెండు కాలేజీల్లోనూ ఆయుధపూజ ఘనంగా చేస్తాం మేడం."

"ఇదే వేలిముద్రతోనా?"

"ఒకే వేలు మేడం. నాదే" అన్నాడు మహేశ్వర్ గారు. ఆ ఒక్కటీ నిజమే కాబట్టి గర్వంగానే అన్నాడు.

డాక్టరమ్మ తలుపు వైపు తిరిగింది. సుంకులమ్మ అక్కడే గోడకు ఆనుకుని ఉంది. వేళ్లకు ఇంకా రాగి తీగ చుట్టుకుని ఉంది.

"కట్టింది నువ్వేనా అమ్మా? నువ్వు చెప్పు. మగా, ఆడా?"

సుంకులమ్మ మహేశ్వర్ గారి వైపు చూడలేదు. దగ్గరికి వచ్చి తుంటి ఎముకల నడుమ పిడికిలి పెట్టి చూపించింది. "ఆడమనిషమ్మా. బిడ్డ తల పట్టే దావ ఇది. మగోళ్లకు ఇంత ఎడల్పు ఉండదు. మా యమ్మ మంత్రసాని."

"సరిగ్గా చెప్పావు. ఈమెను పొద్దున ఆదోనిలో చూశానా నేను?"

మహేశ్వర్ గారు డాక్టరమ్మ వెనక నుంచి కళ్లతో, కనుబొమలతో, చివరికి చేతులతో కూడా వ్యూహం వివరిస్తున్నాడు. లేదు అంటే ఉద్యోగం ఉంటుంది. ఔనంటే చీపురు కూడా పోతుంది. సుంకులమ్మ ఏ హరిశ్చంద్రుడినీ తలుచుకోలేదు. ఆకలిగా ఉంది, నడుము లాగుతోంది, ఇంకో అబద్ధం మోయడానికి ఒంట్లో ఓపిక లేదు.

"సూసినారమ్మా. ఆయమ్మా నేనూ ఒంటి గంట బస్సులో వచ్చినాము. ఉత్త కడుపుతో."

మహేంద్ర సార్ చేతిలో పెన్ను కిందపడి దొర్లింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి రిజిస్టరులో ముఖం పెట్టింది. తర్వాత సుంకులమ్మ కుడిచేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పబోయింది, తిరగలేదు. "ఇదెప్పటిది?" అంది. సుంకులమ్మ అస్థిపంజరం చేతిలోనే చూపించి చెప్పింది. ఇది నిలిచేది, ఇది దొర్లేది, నాది ఈడ ఒంకరగా అతుక్కున్యాది అని. విరిగిన వారంలో ఎవరైనా సరిగ్గా చూసి ఉంటే తిరిగేదే అంది డాక్టరమ్మ. ఇప్పుడైనా కోసి సరిచేయొచ్చు, పూర్తిగా తిరుగుతుందని మాటివ్వలేనంది. ఆలోచిస్తానంది సుంకులమ్మ. ఆలోచించి, ఎడమచేయి ఎటూ అలవాటైపోయిందని ఊరుకుంది.

తనిఖీ నివేదిక వచ్చింది. ఎమ్మిగనూరు కాలేజీ ఆరు వారాల్లో సొంత అస్థిపంజరం, సొంత కుర్చీలు చూపించాలి, లేకపోతే అనుమతి ఉండదు. ఆదోని ల్యాబు గురించి ఒకే ఒక మంచి మాట ఉంది: "అస్థిపంజరం అమరిక నిర్దుష్టం." ఆ మాటను మహేశ్వర్ గారు ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో వేయించాడు. ఆ అమరిక చేసిన మనిషిని మరుసటి రోజే రావద్దన్నాడు.

సుంకులమ్మ కౌతాళం వైపు పత్తి తీతకు పోయింది. తిరగని చేత్తో కాయ నుంచి దూది లాగడం కష్టం, ఎడమచేత్తో తీసేది. పక్క సాలులో మద్దమ్మ అనే కూలి ఆమె రోజూ మోకాళ్లు పట్టుకుని మూలుగుతుంటే, చిప్ప ఎక్కడ జారుతుందో, ఎందుకు నొప్పో చెప్పేది. వారానికే సాలు సాలంతా తమ తమ నొప్పులు తెచ్చి ఆమెకు చూపించసాగింది. ఆమె ఎవరికీ కట్టు కట్టలేదు. "కట్టేది నాకు రాదు, ఆస్పత్రికి పోండి, ఫొటో తీపియ్యండి, వంకరగా అతికినాక ఏడ్చొద్దండి" అని తన చేయి చూపించేది. దానికన్నా గట్టి ఉపన్యాసం ఆ మండలంలో ఎవరూ ఇవ్వలేదు.

ఈలోగా ఎమ్మిగనూరుకు ప్లాస్టిక్ అస్థిపంజరం వచ్చింది. ముక్కలుగా వచ్చింది. మహేంద్ర సార్, ప్రిన్సిపాల్, ఇద్దరు గుమస్తాలు రెండు రోజులు తలుపులేసుకుని బిగించారు. ప్లాస్టిక్ కాబట్టి సార్‌కు భయం లేదు. భయం లేకపోవడం వల్ల ఎంత నష్టమో అప్పుడే అందరికీ తెలిసింది. కుడిచేయి ఎడమ వైపు, ఎడమచేయి కుడి వైపు వేలాడుతున్నాయి. ఒక పాదం ముందుకు నడుస్తుంటే రెండోది వెనక్కి నడుస్తోంది. జబ్బ పలకలు ఛాతీ మీద ఉన్నాయి. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది మహేశ్వర్ గారికి మూడు గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చింది.

మళ్లీ తనిఖీకి నాలుగు రోజులుందనగా ఆయన కారు సుంకులమ్మ ఇంటి ముందు ఆగింది. నాగన్న గబగబా మంచం వాల్చాడు.

"ఏం సుంకులమ్మా, కోపమొచ్చిందా? మనమంతా ఒకే కుటుంబం కదా" అన్నాడు మహేశ్వర్ గారు.

"అవును సార్. అందుకే ఇంట్లోంచి పంపించినారు."

"సరే, జరిగిందేదో జరిగింది. జీతం పెంచమంటావా, చెప్పు."

"అది మీరు పెంచరని నాకు తెలుసు సార్. రెండు మాటలుండాయి. నన్ను స్వీపరని రాయొద్దు, ల్యాబ్ అసిస్టెంటని రాయండి. ఇంకోటి, ఆయమ్మను ఆడమనిషని రాయండి."

మహేశ్వర్ గారికి మొదటిది అర్థమైంది, రెండోది కాలేదు. ఎముకలకు ఆడేంది, మగేంది అన్నాడు. సుంకులమ్మ పత్తి సంచీ సర్దుకుంటూ కూర్చుంది. బేరంలో ఎప్పుడు దిగాలో తెలిసిన వ్యాపారి గనుక ఆయన ఆ సాయంత్రమే రిజిస్టరు తెప్పించి, తెల్ల రంగు పూసి, "స్త్రీ" అని రాయించాడు. ప్లాస్టిక్‌ది రెండు పూటల్లో సరిగ్గా నిలబడింది. ఎమ్మిగనూరుకు అనుమతి వచ్చింది. అందుకు కారణం తన పట్టుదల అని మహేశ్వర్ గారు సభలో చెప్పాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇప్పుడు సోమ, మంగళ వారాల్లో ఆదోనిలో, శుక్రవారం ఎమ్మిగనూరులో ఎముకల ప్రాక్టికల్స్ సుంకులమ్మే చెబుతుంది. హాజరు మహేంద్ర సార్ వేస్తాడు, సంతకం ఆయనదే. కొత్త పిల్లలు వచ్చిన మొదటి రోజు ఆమె పుస్తకం తెరవనివ్వదు. "ముందు మీ మెడ కింద తడుముకోండి, రెండు పక్కలా అడ్డకమ్మి తగలల్ల. తగిలిందా? అది కాలర్ బోన్. అందరికీ ఉండాది, ఎవురికీ కొత్త కాదు" అంటుంది. భయంతో వచ్చిన పిల్లలు ఒకరి మెడలొకరు తడుముకుని నవ్వుతారు. షాహీన్ ఆ ఏడు అనాటమీ మంచి మార్కులతో దాటి, ఎమ్మిగనూరులోనే ఒక ఎక్స్‌రే సెంటరులో చేరింది.

మహేంద్ర సార్ కూడా మారాడు. చివరి బెంచీలో కూర్చుని సుంకులమ్మ చెప్పేదంతా నోట్సు రాసుకునేవాడు. ఆయన వినయానికి అందరూ ముచ్చటపడ్డారు. ఉగాదికి ఆ నోట్సు "సులభ అస్థిశాస్త్రం" అనే గైడుగా అచ్చయి వచ్చింది. మొదటి పేజీలో తల్లిదండ్రులకు, భార్యకు, మహేశ్వర్ గారికి, ప్రెస్సు యజమానికి కృతజ్ఞతలున్నాయి. చివరన "మరియు ఇతర సిబ్బందికి" అని కూడా ఉంది. సార్ ఒక కాపీ తెచ్చి, సంతకం చేసి మరీ సుంకులమ్మకు ఇచ్చాడు.

ఆమె ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుని ఆ పేజీ చదివింది. ఇతర సిబ్బంది అంటే ఎవరని అడగలేదు. బొమ్మలు తిప్పుతూ కాలి బొమ్మ దగ్గర ఆగింది.

"సార్, పిక్క పక్కనుండే సన్నెముకను లోపల్తట్టుకు గీపిచ్చినారు. అది బయటితట్టు గదా ఉండేది."

మహేంద్ర సార్ పుస్తకం తీసుకుని చూశాడు. తన ప్యాంటు మోకాలి దాకా లాగి, కాలు తడుముకుని చూశాడు. రంగు మారిన ముఖంతో, "ఐదు వందల కాపీలు వేసేసినాము సుంకులమ్మా" అన్నాడు.

"అయితే బొమ్మను అద్దంలో సూసినట్టు సూడమని సెప్తాలే పిల్లలకు" అని ఆమె చాక్‌పీస్ తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది.